గోడ కన్నంలో బల్బు

వికారాబాద్ నుంచి తాండూరు వచ్చి, బడికెళ్లే మా అమ్మాయితో మేం అద్దెకు దిగిన ఇంట్లో రెండు వాటాలకూ కలిపి ఒకటే బల్బు. నడిమి గోడకు కన్నం చేసి, అటూ ఇటూ వెలుగు పడేలా అందులో పెట్టారు. మీటరూ స్విచ్చీ మాత్రం పక్క వాటా ఆమె వైపున్నాయి. నా ఇంట్లో దీపం ఎప్పుడు ఆరాలో ఆమె చెప్పాలా? అటు స్విచ్చి టక్కుమన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

మా ఆయన్ని పోరి పోరి కరెంటు ఆఫీసు చుట్టూ తిప్పాను. డిపాజిట్ కట్టించి, మాకంటూ మీటరు పెట్టించాను. దానికి పసుపూ కుంకుమా పెట్టి, మా కొత్త బల్బు వేశాను. నా వెలుగు చుక్కయినా అటు పోకూడదని, వెంటనే ఆ కన్నానికి నాపరాయి ముక్క అడ్డం పెట్టి మట్టితో మెత్తాను.

ఆ చప్పుడు విని అటునుంచి ఆమె అంది: "మంచిగైందక్కా! నీ బిడ్డ సదువుడు ఆపేదాంక, నిద్రొచ్చినా కరెంటు బుగ్గ బంద్ చెయ్యకుండ కూసునేదాన్ని. ఇయ్యాల జర జల్ది పండుకుంట."

మీటరంటే డిపాజిట్ కడితే వచ్చింది. అలాంటి మనసు ఎక్కడ ఇస్తారో తెలియక, ఆమెను చూస్తే నాకు ఇంకా కుళ్లు పుట్టింది.