బాంబు మందుకు కోడుమూరు నోరు

దేశాన్ని కాపాడే పని ఈ వయసులో నా మీద పడుతుందని అనుకోలేదు. ఎక్కడైనా అణుబాంబు పడితే, ఆ మంటకు చావకుండా మిగిలినవాళ్లు రేడియేషన్ వల్ల తర్వాత లోపల్లోపలే కాలిపోతారు. నోరు, గొంతు, పేగులు పుండ్లు పడి, మెతుకు దిగక పోతారు. అట్లాంటివాళ్ల కోసం ఒక మందు తయారవుతోంది. దాన్ని పరీక్షించడానికి దేశమంతా గాలించి, చివరికి కోడుమూరులో ఉన్న నన్ను ఎన్నుకున్నారు. బస్టాండు పక్కన టీ అంగట్లో ఈ కథ ఇట్లాగే చెప్పేవాణ్ని. విన్నవాళ్లలో ఒకాయన లేచి తన కుర్చీ కూడా నాకిచ్చాడు.

ఎవరూ గాలించలేదు. బతుకంతా ఎడమ దవడలో పొగాకు పెట్టుకున్నందుకు ఆ దవడలోనే క్యాన్సర్ లేచింది. కర్నూలు ఆసుపత్రిలో గడ్డ కోసి తీసేశారు. లోపల ఇంకేమైనా మిగిలి ఉంటే అది కూడా చావాలని, రోజూ వచ్చి ఆ చోట రేడియేషన్ పెట్టించుకోమన్నారు. దానివల్ల నోరంతా పుండ్లు పడుతుంది. మందు పనిచేస్తుందో లేదో చూడటానికి ఎవరి మీదా బాంబు వేయలేరు కదా, అందుకని ఎట్లాగూ రేడియేషన్ తింటున్న మాలాంటి నోళ్లను అడిగి చేర్చుకున్నారు. కుర్చీలో కూర్చున్న తర్వాత ఇంత వివరం చెప్పడం నాకు అవసరం అనిపించలేదు.

ఈ మందు పని చూసే డాక్టరమ్మది కడప. చిన్న పిల్ల. మొదటిరోజే నన్ను తాతా అని పిలిచి నా గుండె కోసింది గానీ, తర్వాత అలవాటైపోయింది. ఆమె ఇచ్చే పొట్లంలో పొడిని నీళ్లలో కలిపి, పుక్కిలించి మింగాలి. మాలో సగం మందికి అసలు మందు, సగం మందికి చూడటానికి దాని మాదిరే ఉండే ఉత్త పొడి. ఎవరికేది పోతోందో మాకు తెలియదు, ఆమెకు కూడా తెలియదు. తెలిస్తే ఆమె చూపు ఒక పక్కకు ఒరుగుతుందట. వడ్డించే మనిషికే ఏం వడ్డిస్తోందో తెలియని విందు నేను చూడటం అదే మొదటిసారి.

సోమవారం సోమవారం ఆమె నా నోట్లోకి దీపం వేసి చూసేది. నొప్పి సున్నా నుంచి పది లోపల ఎంత, ఏం తినగలుగుతున్నావు అని అడిగేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా ఆకు ముందు కూర్చుంటే, పెట్టింది తిని బాగుందనాలి. సంగటి ఉండలు కట్టినా, పప్పులో ఉప్పు మరిచినా బాగుందనాలి. వడ్డించిన మనిషి పక్కనే గరిటె పట్టుకుని నిలబడి ఉండగా వంక పెట్టినవాణ్ని ఆ ఇంటికి మళ్లీ పిలవరు. ఈ పిల్ల తన చేత్తో పొడి ఇచ్చి, పక్కనే నిలబడి ఎట్లుండాదని అడుగుతోంది. నేనేమనాలి?

"శానా బాగుండాదమ్మా. నొప్పి ఒకటి. సంగటి తింటాండా," అన్నాను.

"లోపల తెల్లగా పుండ్లు లేచినాయి తాతా. ఒకటేనా?"

"మాది కోడుమూరు నోరమ్మా. పచ్చిమిరపకాయ నంజుకొని పెరిగింది. ఈ మాత్రానికి నొయ్యదు."

ఆమె తను చూసింది ఒక పక్క, నేను చెప్పింది ఇంకో పక్క రాసుకుని ఊరుకుంది.

ఇంట్లో నేను తాగేది చల్లారిన రాగి జావ. అదీ చెంచాతో, కళ్లు మూసుకుని. జావలో ఉప్పు వేస్తే మంట అనేవాణ్ని, వేయకపోతే గడ్డి అనేవాణ్ని. ఆసుపత్రిలో చేసే మర్యాదలో సగమైనా ఇంట్లో చేయమని మా ఆవిడ చెంచా నా చేతికిచ్చి వెళ్లిపోయేది.

రేడియేషన్ మిషను గది ముందు ఒక పొడుగు బెంచీ ఉంది. అక్కడ నా పక్కన కూర్చునే మనిషి కమలాపురం దగ్గర పల్లె రైతు. నాకంటే చిన్నవాడు. నా మాదిరే దవడ జబ్బు, నా మాదిరే పొట్లాలు. ఆసుపత్రి వెనక ఒక గది తీసుకుని భార్యాభర్తలు అక్కడే ఉండేవాళ్లు. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పే మనిషి కాబట్టి అతనికి బాగుందనడం చేతకాదు. డాక్టరమ్మ అడిగితే ఒక వారం ఏడు అన్నాడు, మరుసటి వారం ఎనిమిది అన్నాడు. పెట్టిన మనిషి మొగం చూసి మాట్లాడాలప్పా అని నేను మెల్లగా బుద్ధి చెప్పాను.

"ఆయమ్మ అడిగింది నొప్పి గురించి గదన్నా. వంట గురించి కాదే," అన్నాడు.

అట్లాంటివాడికి కథలు చెప్పడం సులువు. తను అబద్ధమాడడు కాబట్టి ఎదుటివాడు ఆడతాడని తోచదు. సెలవురోజు గడిచిన సోమవారం, నిన్న అహోబిలం పోయి కొండమీద ఎగువ గుడి దాకా నడిచానని చెప్పాను. వచ్చి పొట్టేలు కూరతో రెండు ముద్దల సంగటి తిన్నానని చెప్పాను. ఆ రోజంతా నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. అతను అంతా విని, నమిలితే నొయ్యదా అని మాత్రం అడిగాడు. మొదటి ముద్దకు కొంచెం, తర్వాత ఏమీ లేదన్నాను. అతను తలొంచుకుని ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు. ధైర్యం కోసం చెప్పానని ఇప్పుడు రాయవచ్చు. వినేవాడు దొరికాడని చెప్పాను, అంతే.

ఆ వారం మధ్యలో ఒకరోజు, అతను ఉమ్మేసి రావడానికి కొళాయి దగ్గరికి పోయినప్పుడు, అతని భార్య బెంచీ మీద నా వైపు జరిగింది.

"అన్నా, ఈయప్ప రేపట్నుంచి రాడంట. గది ఖాళీ చేసి ఊరికి పోదామంటాండాడు," అంది. ఎందుకని అడిగాను. "నీ మాటే చెప్తాడన్నా. ఆయన నాకంటే పెద్దోడు, అదే మిషను, అదే పొడి, పొట్టేలు కూర తింటాండాడు, నాకు నీళ్లు దిగడంల్యా, నా ఒంటికి ఇది పట్టదు, ప్రభువు రమ్మంటాండాడు అంటాడు."

మధ్యలో మానేస్తే గడ్డ మళ్లీ లేస్తుందని, అప్పుడు తమ చేతుల్లో ఉండేది తక్కువని డాక్టరమ్మ మా ఇద్దరికీ ఒకే గదిలో చెప్పింది. నా పొట్టేలు కూర ఒక మనిషిని కమలాపురం బస్సెక్కిస్తోంది. ఈ మధ్యాహ్నం నుంచే నాకూ నొప్పి మొదలైందని చెబితే సరిపోతుంది కదా అని, సిగ్గులేకుండా ఇంకో అబద్ధం తయారుచేసుకున్నాను. ఈలోపల అతను కండువాతో మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఆ తుడుచుకోవడం చూశాను. బట్టను పెదవికి తాకీ తాకనట్టు ఆనించాడు. నేనూ అట్లాగే తుడుచుకుంటాను.

"ఏమప్పా, నీ ఫోన్‌లో లైటు ఉండాదా? నా నోట్లోకి వెయ్యి," అన్నాను.

మూతి మూలలు పగిలి ఉన్నాయి కాబట్టి నోరు తెరవడమే పెద్ద పని. కళ్లలో నీళ్లొచ్చాయి. బెంచీ మీదున్నవాళ్లంతా మావైపు తిరిగారు. అతను బావిలో నీళ్లున్నాయా అని చూసేవాడి మాదిరి వంగి, శానాసేపు చూశాడు.

"ఇదేందన్నా. బోరు ఎండిన చేను మాదిరుండాది," అన్నాడు. ఇంకొంచెం వంగాడు. "నాకంటే నీదే ఘోరం."

ఆ గొంతులో సంతోషం వినపడింది. నేను తప్పు పట్టను. రావే చూడు అని భార్యను కూడా పిలిచాడు. ఆమె చూసి అయ్యో అంది, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపు కాదని నాకు అర్థమైంది.

"మరి పొట్టేలు?" అన్నాడు.

"జావ."

"అహోబిలం?"

"మంచం."

అతను ఫోన్ ఆర్పి కూర్చున్నాడు. ఎందుకిన్ని కోతలన్నా అని అడిగాడు. డాక్టరమ్మ నొచ్చుకుంటుందని మొదలుపెట్టానని, అతని దగ్గర మాత్రం ఉత్తపుణ్యానికి కోశానని చెప్పాను.

"ఇట్లాంటి నోరు పెట్టుకొని రోజూ బస్సెక్కి వస్తాండావా?"

"వస్తాండా."

"ఎందుకు?"

"చావడం ఇష్టంల్యాక."

ఆ ఆసుపత్రిలో నేను అందంగా చెప్పని మాట అదొక్కటే. అతను ఉంటాననలేదు, పోతాననలేదు. ముందు పోయి ఆయమ్మకు చెప్పు అన్నాడు. సాక్ష్యం చెప్పే అలవాటున్నవాళ్లతో ఇదే చిక్కు.

చెప్పాను. డాక్టరమ్మ కోప్పడుతుందేమోనని ముందే ముఖం జాలిగా పెట్టుకున్నాను గానీ పనికిరాలేదు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"తాతా, ఈ మందు ఎవరికిస్తారో తెలుసా? బాంబు పడిన ఊర్లో పడుండేవాళ్లకు. నొప్పి ఎంతని వాళ్లను అడిగేదానికి ఎవరూ ఉండరు. నువ్వు బాగుందంటే, బాగుందనుకొని ఇదే ఇస్తారు. నీకు పోతాండేది ఉత్త పొడేమో కూడా నాకు తెలీదు."

వాళ్ల విందుకు కూడా నేనే బాగుందని చెప్పి వచ్చానన్న మాట. ఇప్పుడు చెప్పు, ఎంత అని ఆమె పెన్ను తీసుకుంది.

"తొమ్మిదిన్నర."

"తాతా."

"ఎనిమిది."

ఆమె రాయకుండా చూస్తూ కూర్చుంది. ఏడు అన్నాను. ఏడు నిజం. పాత అంకెలు కొట్టేయడం కుదరదని, అవి నిజం కాదని నేనే చెప్పినట్టు పక్కన రాస్తానని, నా నోరు లెక్కలోకి వస్తుందో రాదో పైవాళ్లు చూస్తారని చెప్పింది. దేశరక్షణలో నా వాటా అంతటితో అనుమానంలో పడింది.

బయటికి వచ్చేసరికి కమలాపురం మనిషిని మిషను గదిలోకి పిలుస్తున్నారు. అతను కదల్లేదు. భార్య ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని నేలను చూస్తోంది. రెండోసారి పిలిచారు. అతను లేచి, ఫోన్ ఆమె ఒళ్లో పెట్టి, చెప్పులు విడిచి లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు మాట్లాడకపోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పటికే తెలిసి ఉంటుంది.

తల కదలకుండా బిగించే వల ముసుగు గుర్తులు ముఖమంతా గళ్లుగళ్లుగా పడి, అతను బయటికొచ్చాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ నావైపు చూశాడు.

"అన్నా, రేపు నీ బస్సు ఆలస్యమైతే నీ వంతు నాకియ్యి," అన్నాడు.