గెడ్డ మొగలో దిగబడిన కారు

మొన్న మా అబ్బాయి విశాఖపట్నం నుంచి కొత్త కారులో వచ్చి, ఎక్కమ్మా, కాశీబుగ్గ దాకా ఓ తిప్పు తిప్పుతానంటే, మోకాళ్ల నొప్పులున్నా సరదాపడి ఎక్కాను. నాలుగు వీధులు దాటామో లేదో బండి టింగు టింగుమని మొత్తుకోవడం మొదలెట్టింది. ఏమిట్రా నాయనా దీని రోగం అంటే, వెనక చక్రంలో గాలి కాస్త తగ్గిందట, ఆ సంగతి ముందున్న తెర మీద బొమ్మ వేసి మరీ చెబుతోంది. వాడు కంగారుపడి రోడ్డు పక్కన ఆపేసి ఫోను తీశాడు. నాకు నవ్వూ వచ్చింది, గుండెలో ఎక్కడో కలుక్కుమని కూడా అంది. ఇదే జపాను కంపెనీవాళ్ల పాత కారు చక్రాల్లోంచి చేతులారా గాలి తీసేసి, మా మావయ్యను దక్కించుకున్న సాయంత్రం ఒకటుంది. మా అబ్బాయికి చెబితే ఫోను చూసుకుంటూ ఊఁ కొడతాడు, మీకు చెబితే మనసు పెట్టి వింటారని రాస్తున్నాను.

మన తరంవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, మా చిన్నతనంలో పలాసలో కారంటే గుండ్రటి వీపుతో ఏనుగులా నడిచే పెద్ద బండి, అదీ ఏ జీడిపప్పు షావుకారుకో డాక్టరుగారికో ఉండేది. ఆ తర్వాతెప్పుడో జపానువాళ్లు మన దేశానికొచ్చి, ఇక్కడివాళ్లతో కలిసి అగ్గిపెట్టంత కారు చేస్తున్నారంటే మా వీధిలో నవ్వినవాళ్లే ఎక్కువ. తీరా ఒక షావుకారు ఆ అగ్గిపెట్టెలో ఇంటిల్లిపాదినీ కుక్కుకుని సింహాచలం వెళ్లి, దారిలో ఒక్కచోటైనా దిగి నెట్టకుండా తిరిగొచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. చలికాలం పొద్దున్న కూడా తాళం తిప్పగానే పలుకుతుందనీ, పెట్రోలు వాసన చూపిస్తే చాలు పరిగెడుతుందనీ, రేకు మాత్రం పల్చన, ఆవు ఒరుసుకున్నా సొట్ట పడుతుందనీ, ఉన్నవాళ్లందరూ ఒక్కటే మాట. మరో వ్యాపారి వెనక సీటు పీకించేసి అందులో జీడిపిక్కల బస్తాలు తోలేవాడు. అలా తోలీ తోలీ ఆయన అమ్మేసిన బండే మా ఇంటికొచ్చింది. మేం మళ్లీ సీటు బిగించుకున్నాం గానీ, ఎండెక్కితే చాలు, కాల్చిన జీడిపిక్కల వాసన గుప్పుమనేది, ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోలేదు.

మావయ్యంటే నాకు మేనమామా, మామగారూ కూడా. పలాస నుంచి వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రపు ఒడ్డు పల్లెలకు జీపు తోలి జుట్టు నెరిసిన మనిషి. చేపల గంపలతో ఆడవాళ్లను ఎక్కించుకుని, తడి కారుతున్నా విసుక్కోకుండా సంతకు చేర్చేవాడు. అలాంటి మనిషికి ఈ డబ్బా కారు కంటికి ఆనలేదు. పైగా మా ఆయన ఎక్కడో చదివి, ఆ కంపెనీవాళ్లు మొదట్లో నేత మగ్గాలు చేసేవారట నాన్నా అని చెప్పాడు. ఇంకేముంది, వచ్చినవాళ్లకల్లా అదే కబురు, మగ్గాలు సేసీవోడు కారు సేత్తే అదీ గుడ్డలాగే సిరిగిపోతాదని. నేను ఊరుకునే రకాన్నా? నీ జీపుని నెట్టీ నెట్టీ మన ఉద్దానం పల్లెల్లో సగంమందికి నడుములు పడిపోయాయి, ముందు అది చూసుకో మావా అనేదాన్ని. నన్ను పెళ్లయిన తర్వాత కూడా, చిన్నపిల్లను పిలిచినట్టు, గుంటా అనే పిలిచేవాడు, నా నోటికి ఆయన నోరు సరిజోడు.

ఆ కారు మేం కొన్నది షికార్లకు కాదు. మా వైపు ఇంటింటికీ తెలిసిన జబ్బే మావయ్యకూ వచ్చింది, కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. ఇప్పుడంటే దగ్గర్లోనే డయాలసిస్ చేస్తున్నారు గానీ, అప్పట్లో మాకు విశాఖే దిక్కు. వారానికి రెండుసార్లు తెల్లవారకముందే బయల్దేరి, రక్తం శుభ్రం చేయించుకుని, చీకటిపడ్డాక ఇల్లు చేరడం. మా ఆయనది రైల్లో గార్డు ఉద్యోగం, ఎప్పుడు ఏ స్టేషనులో ఉంటాడో దేవుడికే తెలియాలి. అందుకని కోడలినైన నేనే స్టీరింగు పట్టాను. నేర్పింది మావయ్యే, పక్క సీట్లో కూర్చుని తిడుతూ నేర్పాడు. రోజంతటికీ కొలిచి పోసిన మంచినీళ్లే తాగాలి, చుట్టూ కొబ్బరితోటలున్నా బొండాం నీళ్లు నోట పోసుకోకూడదు. దాహానికి నాలుక పిడచకట్టుకుపోతున్నా నా క్లచ్చి తప్పులు మాత్రం వదిలేవాడు కాదు.

ఒకసారి విశాఖ నుంచి తిరిగొస్తుంటే, నరసన్నపేట దాటాక నాకు రెప్ప వాలిపోయింది. క్షణమే అనుకుంటాను. బండి తారు దిగి గతుకుల్లో పడి, ఎదురుగా చింతచెట్టు మీదికి పోతుంటే మావయ్య స్టీరింగు పట్టి లాగాడు. ఇద్దరం బతికి బయటపడ్డాం. ఆయన ఒక్క తిట్టు తిట్టలేదు, నాకు భయం వేసింది దానికే. ఆ రాత్రి నుంచి మనిషి మూగబోయాడు, అన్నం కెలికి లేచిపోయేవాడు. తర్వాతి ప్రయాణం ఇంకో రోజులో ఉందనగా, మధ్యాహ్నం నన్ను పిలిచి, ఒక్కసారి సముద్రం చూపించమన్నాడు. అత్తయ్య వద్దంది. కాళ్లు మద్దెల్లా వాచిపోయి నాలుగడుగులు వెయ్యలేని మనిషి అంతగా అడిగితే, కాదనడానికి నాకు నోరు రాలేదు.

జీడితోటలు దాటి, కొబ్బరితోటల మధ్య ఇసకదారిలో ఒడ్డుకు చేరేసరికి ఎండ తగ్గింది. ఆయనే దారి చెప్పాడు. పొడి ఇసకలో ఆపొద్దు, అల తడిపిన చోటికి దించు, అక్కడ కల్లంలాగ గట్టిగా ఉంటుందన్నాడు. నిజంగానే ఉంది. జీపుల రోజుల్లో వాళ్లంతా అలాగే తోలేవారని తెలుసు కాబట్టి నేనూ ధైర్యంగా నీటి అంచునే పోనిచ్చాను. దూరంగా మత్స్యకారులు పెద్ద వల లాగుతున్నారు. మణికట్టంత లావు తాళ్లు రెండు, ఒక్కో తాడుకి ఒక వరస జనం. ఇంకా ముందుకి పోనీ, ఇంకా ముందుకి అంటున్నాడు. ఉన్నట్టుండి ముందు చక్రాలు పిండిలోకి దిగినట్టు దిగాయి. నేను కంగారులో ఎక్సలేటరు తొక్కాను, తొక్కినకొద్దీ ఇంకా దిగింది, చివరికి బండి పొట్ట ఇసకకి ఆనుకుంది. తలుపు తీసి చూస్తే కాలి కిందనుంచి చల్లటి మంచినీటి ఊట. అది గెడ్డ, అదే వాగు, వచ్చి సముద్రంలో కలిసే మొగ.

నా ఒళ్లు జలదరించింది దిగబడినందుకు కాదు. ఈ మొగలోనే ఎడ్లబండి ఒకటి నొగలదాకా కూరుకుపోయిన కథ నా చిన్నప్పుడు నాకు చెప్పింది ఆయనే. పైనుంచి గట్టిగా కనిపిస్తుంది గానీ కింద ఊట ఉంటుంది, అటు పోకూడదని చెప్పిందీ ఆయనే. ఆయనకు తెలియక జరిగింది కాదు. మావయ్య వైపు తిరిగాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. పోటు వేళ, ఒక్కో అల ముందుదానికంటే పైకొస్తోంది.

ఎందుకు చేశావు మావా అని అడగబోయేలోపే ఆయనే అన్నాడు.

"ఒగ్గీ గుంటా. కారు పోతే పోనీ. రేపు మరెల్లలేం గదా. నా కోసం తిరిగి తిరిగి నువ్వా సెట్టుకి గుద్దుకుని సత్తే, నాను మీ అమ్మకి ఏటి సెప్పాల?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మంచివాడివే, చచ్చి నన్ను ఉద్ధరిస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎత్తి దింపుదామంటే నా వల్ల కాలేదు, ఆయన తలుపు పిడి పట్టుకుని వదల్లేదు. చెప్పులు అక్కడే విడిచి వల దగ్గరికి పరిగెత్తాను. ఇసకలో పరుగు మీకు తెలియనిదా, ఎంత పరిగెత్తినా అక్కడే ఉన్నట్టుంటుంది. వెనక్కి తిరిగి చూస్తే అల కారు చక్రాన్ని తాకి వెళుతోంది.

ఆ వలకి పెద్ద, తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన. వల సగం దాకా వచ్చింది, చేప తిరుగుతున్నట్టు నీళ్లు మసులుతున్నాయి. ఇప్పుడు ఒక తాడు వదిలితే వల నోరు వాలిపోతుంది, చేప దారి చూసుకుంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు, అందుకే తాడు వదలమని అడగలేదు. కారులో ఉన్నది ఫలానా, వజ్రపుకొత్తూరు జీపు తోలిన ఆయన అని మాత్రం అన్నాను. ముసలాయన ఒకసారి నీళ్లవైపు చూశాడు, ఒకసారి కారువైపు చూశాడు. మన జీపు బావేనా అని అడిగి, ఇటు వరసవాళ్లను తాడు వదిలి రమ్మని చెయ్యి ఊపాడు. వాళ్లు తాడు వదిలి పరుగున వచ్చారు. గంపలు పట్టుకుని ఎదురుచూస్తున్న ఆడవాళ్లు కూడా కొంగులు బిగించి వచ్చేశారు.

విడి తాడు తెచ్చి కారు ముందు కొక్కేనికి కట్టి లాగారు. కదల్లేదు. నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, ఇంజను మాత్రం ఆపొద్దన్నారు. ఈసారి అల తలుపుకి కొట్టింది, నా కాళ్ల కిందికి నీళ్లొచ్చాయి. ఆ డబ్బా కారు ఇంజను మాత్రం గుడుగుడుమంటూనే ఉంది, ఆగిందంటే మా పని అయిపోయినట్టే. మళ్లీ లాగారు, ముందుకి జరగాల్సింది పోయి ఇంకాస్త కుంగింది. అవతల వల నోరు వాలిపోయి, బెండ్లు అడ్డదిడ్డంగా తేలుతున్నాయి. మావయ్య అది చూశాడు. దిగమని ఎంతమంది చెప్పినా దిగని మనిషి, వల పోతున్నాదిరా, ఎల్లి పట్టుకోండని గొణిగాడు. అప్పుడు ముసలాయన కిటికీలోంచి వంగి, మావయ్య భుజం మీద తడిచెయ్యి వేశాడు.

"వల పోతే రేపేత్తాం బావా. నువ్వు పోతే రేపొత్తావా?"

మావయ్య ముఖం నేను ఎన్నడూ చూడనట్టయిపోయింది. అంతమంది చేప మీద ఆశ వదులుకుని మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉంటే, తాను మాత్రం నోరు మూసుకుని కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. జీపు రోజుల్లో అరిచినట్టే అరిచాడు.

"గాలి తియ్యండ్రా! నాలుగు సక్రాలకీ సగం గాలి తీసీండి. ముందరకి కాదు, ఎనక్కి లాగండి, వచ్చిన జాడలోనే!"

తలుపు పిడి వదిలేశాడు. ఇద్దరు చేతులు అల్లి ఆయన్ని ఎత్తుకెళ్లి పొడి ఇసక మీద బోర్లించిన గంప మీద కూర్చోబెట్టారు. మిగతావాళ్లు పుల్లలతో నొక్కి గాలి తీశారు, చక్రాలు పెసరట్టులా పరుచుకున్నాయి. కొబ్బరిమట్టలు చక్రాల కింద తోశారు, తాడు మార్చి కారు వెనక కట్టారు. గంప మీదనుంచే నాకు ఆజ్ఞలు, రివర్సులో పెట్టు, తొక్కకు, క్లచ్చి మీద మెల్లిగా వదులు, గుంటా నీకు చెబుతుంటే అర్థం కాదా అని. ఆ తిట్టు వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వల లాగే పాటే పాడుతూ లాగారు. కారు ఒకసారి మూలిగింది, ఒకసారి ఊగింది, వచ్చిన జాడలోనే వెనక్కి వచ్చి గట్టి ఇసక ఎక్కింది.

నేను స్టీరింగు మీద తల పెట్టి ఏడుస్తుంటే వాళ్లప్పుడే వల దగ్గరికి పరుగెత్తారు. మావయ్య తననీ తీసుకెళ్లమన్నాడు. సూదులు గుచ్చే ఎడంచెయ్యికి బరువు తగలకూడదు మావా అంటే, కుడిచెయ్యి ఉంది కదా అన్నాడు. తాడు చివర గంప వేసి కూర్చోబెడితే, కుడిచేత్తో తాడు పట్టుకున్నాడు. లాగాడో లేదో గానీ పట్టు మాత్రం విడవలేదు. వల ఒడ్డుకి వచ్చాక చూస్తే పాపం, అడుగున నాలుగు గంపల చేపైనా లేదు. దాన్నే కుప్పలు పోశారు. మా ఒడ్డున కట్టు ఒకటుంది, తాడు మీద చెయ్యి వేసినవాడికి, వాడెవడైనా సరే, వాటా ఇచ్చి తీరాలి. ముసలాయన ఆడవాళ్ల వాటాలు, మగవాళ్ల వాటాలు పంచి, ఒక చేపను తీసుకొచ్చి మావయ్య ఒళ్లో పెట్టాడు. దానంగా కాదు, అందరికీ పెట్టినట్టే పెట్టి వెళ్లాడు. మంచాన పడ్డ నాటినుంచి ఇంటికి తాను దండగ అనుకుంటున్న మనిషి ఆ చేప వంక ఎంతసేపు చూశాడో.

సగం గాలితో వజ్రపుకొత్తూరు దాకా పాక్కుంటూ వచ్చి, సైకిలు షాపులో గాలి కొట్టించుకున్నాం. కారులో జీడిపిక్కల వాసన, చేప వాసన, సముద్రం వాసన. పలాస దీపాలు కనిపిస్తుండగా అడిగాడు.

"రేపు ఏ ఏలకి బయలెల్లాల?"

ఎప్పటిలాగే మావా అన్నాను. అయితే నీకు నిద్దర రానియ్యను సూడు అన్నాడు. అన్నంతపనీ చేశాడు. ఆ మర్నాటినుంచి విశాఖ పోయి వచ్చే దారంతా జీపు కథలు చెబుతూనే ఉండేవాడు, చెప్పిన కథే చెప్పినా నేను కొత్తగా విన్నట్టు ఊఁ కొట్టేదాన్ని. అదీ ఆయన వాటా పని. అలా చాలాకాలం మాతో ఉన్నాడు. ఉప్పునీళ్లు తగిలి కారు అడుగు రేకు తుప్పు పట్టింది, కాళ్ల దగ్గర చిల్లులోంచి రోడ్డు కనిపించేది, ఇంజను మాత్రం ఒక్కనాడూ మొండికెయ్యలేదు. మగ్గాలవాడు గట్టోడే గుంటా అని ఒప్పుకున్నాకే మావయ్య పోయాడు.

ఇప్పుడు ఒడ్డు దాకా రోడ్డు పడింది, డయాలసిస్‌కి అంత దూరం వెళ్లే పనీ తప్పింది, సంతోషమే, ఆ కష్టం పగవాడికి కూడా వద్దు. ఆ పల్లెలో కుర్రవాళ్లు సగంమంది గుజరాతు బోట్ల మీదికి వలస పోయారట, పెద్ద వల లాగడానికి చేతులు చాలడం లేదట. మా అబ్బాయి చక్రానికి గాలి కొట్టించుకొచ్చి, ఎక్కడ దిగబడ్డా ఒక మీట నొక్కితే చాలమ్మా, కంపెనీవాళ్లే క్రేను పంపిస్తారని మురిసిపోతూ చెప్పాడు. పంపిస్తారు నాయనా, కాదనను. కానీ ఆ వచ్చేవాడి చేతిలో వదిలి రావడానికి వల ఉండదు.