అప్పీలు బాబాయి

మా బాబాయి ఏ తీర్పునూ ఆఖరిదని ఒప్పుకోడు. కూరలో ఉప్పు సరిపోయిందని పిన్ని అంటే, గిన్నె పట్టుకుని పక్క వాటాలోని మా వంటింటికి వస్తాడు. మాది పైకోర్టన్నమాట. క్షవరం బాగా కుదిరిందని ఒక మంగలి అంటే, వెళ్లి మరో మంగలికి తల చూపిస్తాడు. అతను ఇంకాస్త తీసేస్తాడు. ఈ అప్పీళ్ల వల్లే ఆయనకు జుట్టు మిగల్లేదని పిన్ని అభిప్రాయం.

"అభిప్రాయమేగా, తీర్పు కాదుగా" అంటాడు బాబాయి.

మా పాప ఒళ్లు వెచ్చబడితే మాత్రం బాబాయిదీ నాదీ భలే జత. నేను ల్యాబులో పనిచేస్తాను, ఒక్క కొలతను నమ్మను. "మళ్లీ చూడమ్మాయ్" అంటాడాయన. మళ్లీ చూస్తాను. ఈలోగా జ్వరమే విసిగి వెళ్లిపోతుంది.

అలాంటి మనిషి వార్డు ఎన్నికలో ఓడితే ఊరుకుంటాడా? గెలిచింది టీచరమ్మ. గెలవగానే ఆవిడ వార్డు ఆఫీసు వెనక గదిలో ఉయ్యాలలు వేయించి, ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. మా పాప పగలంతా అక్కడే. బాబాయి కోర్టుకెక్కాడు. లెక్కపెట్టకుండా వదిలేసిన ఓట్ల కట్ట ఒకటి బయటపడింది. బాబాయే గెలిచాడని కోర్టు తేల్చింది.

వీధి రెండుగా చీలింది. బాబాయి పార్టీవాళ్లు తాళంకప్పతో బయల్దేరారు. "ఆ గది మన ఆఫీసుకు కావాలి. ఉయ్యాలలు ఎత్తించేద్దాం."

ఇక నేను పిల్లనెక్కడ వదలాలి, ఉద్యోగం మానాలా? బాబాయి కాళ్లావేళ్లా పడదామని వెళితే ఇంట్లో లేడు. ఆ గదిలోనే, పిల్లల కుర్చీలో ఇరుక్కుని, టీచరమ్మను కోప్పడుతున్నాడు.

"నా మీద అప్పీలు వేయకపోతే ఎలాగమ్మా?"

"గెలిచింది మీరు కదా అన్నయ్యగారూ. ఇంకా ఎందుకా గొడవ?"

"గెలిస్తే? పైకోర్టు మూసేశారా? వెళ్లి స్టే అడుగు."

అంతలో తాళంకప్ప వచ్చింది. "గెలిచి కూడా ఇదేం పనన్నా?"

"వ్యవహారం కోర్టులో ఉంది. ఉయ్యాల కదిపారో, నేనే కేసు పెడతా" అన్నాడు బాబాయి, కాలితో మా పాప ఉయ్యాల ఊపుతూనే.

అప్పీలు పడింది, స్టే వచ్చింది. వాయిదాకో జబ్బు చేస్తోంది బాబాయికి.

మొన్న మా ఇంటికొచ్చి, "పాప బడికెప్పుడు వెళుతుందమ్మాయ్?" అన్నాడు.

"ఇంకా రెండేళ్లుంది బాబాయ్."

ఆయన గుమ్మం దాకా వెళ్లి, మా ఆయన వైపు తిరిగాడు.

"రెండోబిడ్డ ఆలోచన ఉంటే ముందే చెప్పండి. దాన్నిబట్టి జబ్బులు చూసుకోవాలి."