రెండు తడి చారలు

మా బావ కత్తెరలకు సానపడతాడు. కాలితో తొక్కే సానచక్రాన్ని భుజానికెత్తుకుని, నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ టైలరు షాపుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. టైలరనేవాడు కత్తెరను కళ్లముందే సానపట్టించుకుంటాడు గానీ ఒకరి చేతికిచ్చి పంపడు. అందుకని చక్రమే కత్తెర దగ్గరికి వెళ్లాలి. అద్దెలు పెరిగి షాపులన్నీ ఊరి చివరికి జరిగాయి. బావ మోకాళ్లు మాత్రం అంతదూరం రామంటున్నాయి. చక్రాన్ని బస్సెక్కనివ్వరు. బండి దొరక్కపోతే వచ్చే నెల నుంచి గోడౌను గేటు దగ్గర కాపలా కూర్చోవడమే. అక్క అక్కడ మాట్లాడేసింది కూడా. ఆ మాట వచ్చినప్పుడల్లా బావ మంచినీళ్లకని లేచిపోయేవాడు.

మెకానిక్ షెడ్డు ముందు పాత మోటారు సైకిలొకటి అమ్మకానికుందంటే నన్ను వెంటబెట్టుకెళ్లాడు. లారీ కింద పడి లేచిన బండి. హెడ్‌లైటు లేదు. ట్యాంకు ఒక పక్క లోపలికి పోయింది. మాలాంటివాళ్లం బండి కొనం, ఇంకొకడి ప్రమాదాన్ని కొంటాం. ఆ మాటే పైకి అన్నాను.

"పుస్తకాలు చదివి చదివి నీ నోరు చేదెక్కిందిరా," అంటూ బావ కిక్కు కొట్టాడు. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. ఆయన మొహం చూడాలి అప్పుడు!

"ఇంజన్ని చూసి మురిసిపోకన్నా," అన్నాడు మెకానిక్. "ఇలా రా."

టైర్లు రెండింటి మీదా మగ్గుతో నీళ్లు పోసి, హ్యాండిలు తిన్నగా పట్టుకుని, పొడినేల మీద బండిని నెట్టాడు. ముందు చక్రం ఒక తడి చార గీసింది. వెనక చక్రం దాని మీదే నడవాలి. నడవలేదు. రెండు వేళ్ల ఎడంగా ఇంకో చార పడింది.

"ఫ్రేము వంగింది. పైన రంగేసి దాచారు."

బావ గొంతుక్కూర్చుని ఆ చారల్ని చూశాడు. "ఇంతేగా? కత్తెర బద్దలు రెండూ మరీ తిన్నగా ఉంటే గుడ్డ తెగదు తెలుసా? కాస్త వంపుండాలి. ఈ వంపు అలవాటు చేసుకుని నడిపితే సరి."

"కత్తెరెక్కి నువ్వు రోడ్డు మీదికి పోవు కదన్నా!"

నాకు నవ్వొచ్చింది. బావకు రాలేదు.

"తిన్నగా చెయ్యలేవా?"

"వేడిచేసి లాగితే వస్తుంది. ఎన్నాళ్లు నిలుస్తుందో మాత్రం నన్నడక్కు. వెనకేం కడతావు?"

"సానచక్రం." బావ సీటు మీద చెయ్యి వేశాడు. "సెలవురోజు మీ వదిన్ని ఎక్కించుకోవాలి."

మెకానిక్ రెంచి తుడుచుకుంటూ నిలబడ్డాడు. బావ చారలు ఆరిపోయేదాకా సీటు మీద చెయ్యి తియ్యలేదు.

"వద్దులేరా," అన్నాడు చివరికి, బండి కొనేది నేనైనట్టు.

మర్నాడు ఇద్దరం ఉత్త చేతులతో బస్సెక్కి ఊరి చివరికి వెళ్లాం. మొదటి షాపు ఒక టైలరమ్మది.

"చక్రమేది తమ్ముడూ?"

"ఇక రాలేనక్కా. గేటు కాపలాకి పోతున్నా. చెప్పిపోదామని వచ్చా."

"బాగుంది! నా కత్తెర మొద్దుబారితే నీ గేటుకేసి రుద్దుకోనా?"

బావ తలవంచుకున్నాడు. ఆవిడ చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ కత్తిరించడం పూర్తిచేసింది. కత్తెర వంక ఒకసారి, బావ మోకాళ్ల వంక ఒకసారి చూసింది. కత్తెరను ఒక పీలికలో చుట్టి ఆయన ముందు పెట్టింది.

"ఇంటి దగ్గర పట్టు. రేపు పొద్దున్నే తేవాలి. తేకపోయావో, నీ మీసం కత్తిరిస్తా."

"దేంతో అక్కా? కత్తెర నా దగ్గరేగా ఉంటుంది!"

మిగతా షాపులకు వెళ్లకుండానే వెనక్కి తిరిగాం. బస్సులో ఆ మూటను ఒళ్లో రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇచ్చింది ఒక్కావిడే బావా," అన్నాను. "మిగతావాళ్లు ఇవ్వొద్దూ?"

"రేపు అడుగుదాం."

వాళ్లిస్తారని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఇంటికెళ్లగానే అక్క గేటు సంగతి ఎత్తింది. బావ మూట విప్పి చక్రం ముందు కూర్చున్నాడు. ఈసారి మంచినీళ్లకు లేవలేదు.