నేను పొగిడిన ఏడు సీట్ల కారు

మామిడికాయల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా నూజివీడు వచ్చాను. సీజన్లో డ్రైవర్ దొరక్కపోతే నేనే మినీ వ్యాన్ వేసుకుని తోటల్లోంచి కాయలు తెచ్చేదాన్ని. బండ్లంటే ఇష్టం అలా పట్టుకుంది. ఓసారి ఆ వ్యాన్ గురించి నేను సరదాగా మాట్లాడుతుంటే మా ఆయన ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టారు. జనం విరగబడి చూశారు. మా కార్ల ఛానెల్ అలా మొదలైంది. మాట్లాడేది నేను, తీసేది ఆయన.

ఇందులో డబ్బులెలా వస్తాయని చుట్టాలందరూ అడుగుతూనే ఉంటారు. వీడియో మధ్యలో వచ్చే ప్రకటనలకు నెలకోసారి బ్యాంకులో పడతాయి. అవి మా ఇద్దరి పెట్రోలుకూ ఫోన్ బిల్లులకూ సరిపోయేవి, అంతే. సీటు కవర్ల లింకు వీడియో కింద పెడితే, దాన్ని నొక్కి కొన్నవాళ్ల మీద కొంచెం కమీషన్. అసలు రాబడి మాత్రం పాత కార్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక యార్డు యజమాని ఒక్కో వీడియోకి ఇంత అని మాట్లాడుకున్నాడు. నా వీడియో చూసి ఎవరైనా కొంటే ఆ పైన మరికొంత. "ఆడమనిషి చెబితే జనం నమ్ముతారండీ" అన్నాడు. నాకది పొగడ్తలాగే వినిపించింది.

ఆ రోజు ఒక తెల్ల ఏడు సీట్ల కారు చూపించాడు. తలుపు తీయగానే అగరుబత్తి వాసన గుప్పుమంది. దాని అడుగున ఇంకో వాసన, తడి గోనెసంచిలాంటిది. మా ఆయన వెనక సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి నన్ను పిలిచారు. బెల్టు చివర, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చోట, ఎండిన బురద గీత. ఆ కారు ఎక్కడో వరదలో మునిగిందని ఇద్దరికీ అర్థమైంది.

"ఏవండీ, ఏం చేద్దాం?" అన్నాను మెల్లగా.

యజమాని అప్పటికే వెనక నిలబడి ఉన్నాడు. "బెల్టులవీ ఎందుకు మేడమ్? ఏసీ చూపించండి, చాలు" అన్నాడు నవ్వుతూ.

నేను ఏసీ చూపించాను. స్టీరింగ్ మీద చెయ్యేసి, పెద్ద కుటుంబానికి ఇంతకన్నా ఏం కావాలండీ అన్నాను.

పది రోజులకు కమీషన్ పడినట్టు మెసేజ్ వచ్చింది. సంతోషించాను, దాచను. ఆ మర్నాడే ఫోన్.

"మేడంగారూ, మాది ముసునూరండీ. మీ వీడియో చూసే కారు కొన్నామండీ" అంది ఒకావిడ. ఆమె భర్త మామిడి తోటలకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రి. కోతకు వెళ్లే ఆడవాళ్లను అందులోనే ఎక్కించుకుంటున్నాడట. "బండి బాగుందండీ. కాకపోతే నడుస్తా నడుస్తా ఆగిపోతంది. అప్పుడు స్టీరింగ్ తిరగట్లేదంట, బ్రేకు రాయిలాగా అయిపోతందంట. ఏం చెయ్యమంటారు?"

వరద నీళ్లు వైర్లలోకి వెళ్లిన బండి అలాగే ఆగుతుంది. ఆ బండి కదపొద్దమ్మా అని చెప్పాల్సింది. ఎందుకు అని అడిగితే? నాకు ముందే తెలుసని ఒప్పుకోవాలి. ఆ భయంతో, "నేనొస్తాను, యార్డుకి తీసుకెళ్లి చూపిద్దాం" అన్నాను.

మేము వెళ్లేసరికి మేస్త్రి కారు కడిగి, అద్దానికి నిమ్మకాయలు కట్టి ఉంచాడు. నన్ను ముందు సీట్లో కూర్చోమన్నాడు. వెనక అతని భార్య, బాపులపాడులో దిగుతామని ఎక్కిన ఇద్దరు కూలీ ఆడవాళ్లు. మా ఆయన బైకు మీద మా వెనకే. దారి పొడవునా నా చెవి ఇంజన్ మీదే ఉంది. వెనకవాళ్లు కాయల తూకం గురించి నవ్వుకుంటున్నారు. గుంత వచ్చినప్పుడల్లా నా కాళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. ఆపమని చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఊరుకున్నాను.

జంక్షన్‌లో హైవే దాటుతుండగా మీటర్ బోర్డులో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోయాయి. కారు రోడ్డుకి అడ్డంగా ఆగింది. ఎడమ నుంచి లారీ వస్తోంది. నా వైపు నుంచే. దాని హారన్ తప్ప ఇంకేమీ వినిపించలేదు. మేస్త్రి తాళం తిప్పుతూనే ఉన్నాడు. అద్దం నిండా లారీ ముందు భాగం, దాని కింద జారుతున్న టైర్లు. వెనక ఎవరో నా భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకున్నారు. నేను కళ్లు మూసుకున్నాను.

లారీ ఆగింది. నేను తలుపు తెరిస్తే బంపర్‌కి తగిలి సగమే తెరుచుకుంది. అంత దగ్గర.

డ్రైవర్ దిగి తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. నలుగురూ కలిసి కారును పక్కకి తోశారు. నేను ఆ రోడ్డు పక్కనే కూర్చుండిపోయాను. మేస్త్రి భార్య నీళ్ల సీసా తెచ్చి, "భయపడ్డారా అండీ, తాగండి" అంది. నేను సీసా పక్కన పెట్టాను.

"ఈ కారు వరదలో మునిగిందమ్మా. వీడియో తీసినప్పుడే నాకు తెలుసు."

ఆమె రోడ్డు అవతలికి దాటిన ఆ ఇద్దరు ఆడవాళ్ల వైపు చూసింది. "తెలిసే ఎక్కనిచ్చారా అండీ మమ్మల్ని?" అని మాత్రం అడిగింది.

మెకానిక్ చేత కారు యార్డుకి లాగించాం. యజమాని మొదట మర్యాదగానే మాట్లాడాడు. "పాత కారన్నాక సవాలక్ష ఉంటాయండీ." డబ్బు వెనక్కివ్వకపోతే ఉన్నదున్నట్టు వీడియో పెడతానన్నాను. అప్పుడు గొంతు తగ్గించాడు. "మీ మామగారి కొట్టు ఎక్కడో నాకు తెలుసమ్మా. మీరు సాయంత్రం ఏ రోడ్డున నడుస్తారో కూడా తెలుసు."

మా ఆయన ఫోన్ పైకెత్తి రికార్డింగ్ నొక్కారు. నేను బెల్టు లాగి బురద గీత చూపించి, ఇది తెలిసి కూడా మీకు చెప్పలేదని కెమెరాతో అన్నాను. అతను వారంలో మేస్త్రికి డబ్బు తిరిగిచ్చాడు, కొంత పట్టుకుని. ఆ కొంత నేను కలిపాను. వీడియో మాత్రం యార్డులో తీసిన రోజే పెట్టేశాను.

తర్వాత రెండు నెలలు కొట్టు ముందు ఏ కారు నెమ్మదించినా నేను లోపలి గదిలోకి పోయేదాన్ని. ఎవరూ రాలేదు. యార్డుల నుంచి ఫోన్లూ రాలేదు. మళ్లీ ప్రకటనల డబ్బుకే వచ్చాం.

కానీ నన్ను తినేస్తున్న భయం అది కాదు. అంతకుముందు ఇంకా చాలా కార్లు పొగిడాను. పాత కామెంట్లన్నీ వెతికి, కొన్నామని రాసినవాళ్లకు ఒక్కొక్కరికీ రాశాం. అందరూ క్షేమంగానే ఉన్నారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరి సంగతి తెలియదు. ఫోన్ నంబర్ లేదు, ఊరి పేరు లేదు. "కొన్నాం మేడమ్, పిల్లలు చాలా హ్యాపీ" అని కామెంటు మాత్రం ఉంది. దాని కింద మూడుసార్లు రాశాను, దయచేసి ఒకసారి పలకండి అని. పొద్దున లేవగానే ముందు అదే తెరిచి చూస్తున్నాను.