ఒకటో తరగతికి ఇద్దరం

ఈ రోజు మా బడిలో పుంటికూర పప్పు. ఆ పుల్లటి వాసన వరండా దాటి తరగతిలోకి వచ్చే వేళకు నేను ఐదో దరఖాస్తు రాస్తున్నాను. మొదటి నాలుగింటికీ ముద్ర వేసిన రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఒకటో తరగతికి నేనూ, మా బడిలోనే పనిచేసే జరీనా మేడమూ చెరో పూట పాఠం చెబుతామని అడిగాను. మిగిలిన పూట చూసుకోవడానికి ఆమెకు చంటిబిడ్డ, నాకు మంచాన పడ్డ నాన్న. ఒప్పుకోకపోతే నెలాఖరుకు ఆమె ఉద్యోగం మానేస్తుంది. మొన్న విద్యాశాఖ ఆఫీసుకు వెళితే గుమస్తా తలెత్తకుండానే, "గవన్నీ మన రూల్స్‌ల లేవు సార్. ఇద్దరైతే చిన్నపిల్లలు ఆగమైతరు" అన్నాడు. ఆగం కారని నాకు తెలుసు. ఎలా తెలుసని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే సమ్మక్క గురించి రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసింది దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఒక గూడెం బడి. అక్కడ ఉన్నది ఒకటే విద్యా వాలంటీరు పోస్టు. హెడ్‌మాస్టరు దాన్ని ఇద్దరికి పంచారు. పొద్దుటిపూట సమ్మక్కకు, భోజనాల తర్వాత నాకు. ఆమెది ఆ గూడెమే, ఒళ్ళో పాలు తాగే బిడ్డ. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. మధ్యాహ్నం దాకా నాకు మిరపతోటలో పని ఉండేది. అంటే ఆ ఏర్పాటు నాకూ అనుకూలమే. అయినా సగం ఉద్యోగం ఇచ్చారని నాకు మంట. మా పిన్ని కొడుకు నలుగురిలో "ఏం అరసారూ!" అని పిలిచిన పిలుపు ఇవాళ్టికీ మరచిపోలేదు. పిల్లలకు మాత్రం ఆ లెక్కలేవీ లేవు. ఆమె పొద్దు టీచర్, నేను మాపు సారు.

సమ్మక్క మొదటి రోజే ఒక షరతు పెట్టింది. "తినేటప్పుడు ఇద్దరం ఉండాలె సారూ. పిల్లల్ని నీకు అప్పజెప్పకుంట నేను ఇంటికి పోను." ఆ అరగంట పిల్లల వరుసలో కింద కూర్చుని తినేవాళ్ళం. ఎవరు ఏడ్చారో, ఎవరు పరగడుపున వచ్చారో, పాఠం ఎక్కడ ఆగిందో ముద్దకూ ముద్దకూ మధ్య చెప్పేది. నేను చెప్పవలసినది సాయంత్రం ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాలి.

మొదటి వారంలోనే ఎనిమిది చింతగింజలు పరిచి భీమే అనే పాపను "ఎన్ని?" అని అడిగాను. ఏదో గొణిగింది. "భీమే: జవాబు లేదు" అని నోట్‌బుక్‌లో రాశాను. మర్నాడు దాని కింద గుండ్రటి అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "జవాబు చెప్పింది. సారుకు వినబడలేదు."

భోజనాల దగ్గర నిలదీశాను. "నాకు చెవుడా అక్కా?"

"చెవుడు గాదు సారూ. అది మా భాషల ఎనిమిదనే చెప్పింది. నీకు అర్థంగాకపోతే లేనట్టేనా?"

"అందరిలో నా పరువు తీస్తున్నావు."

"పరువు యాడికి పోదు గానీ పప్పు సల్లారుతంది, తిను."

పిల్లలు పకపకా నవ్వారు. నేను అలిగి, తర్వాత రెండు రోజులు భోజనానికి వెళ్ళలేదు. గంట కొట్టాక నేరుగా తరగతిలోకి వెళ్ళాను. రెండో రోజు భీమే తల వాల్చి నిద్రపోతుంటే లేపి గోడ దగ్గర నిలబెట్టాను. పాప తూలి పడబోతుంటే పట్టుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. పొద్దుటి నుంచీ జ్వరమేనట. ఆ సంగతి చెప్పడానికి సమ్మక్క చాలాసేపు ఎదురుచూసి, ఇంట్లో బిడ్డ ఏడుస్తోందని కబురొస్తే వెళ్ళిపోయింది.

తెలిశాక ఆమె నన్ను తిట్టలేదు. "మనం సగం సగం టీచర్లమనుకున్నవా సారూ? పొద్దుగాల నేను నిండు, మాపటికి నువ్వు నిండు. మధ్యల ఈ అరగంట పోతెనే మనం సగం" అంది.

పిల్లలు ఆగమవుతారనే వాళ్ళకు నా జవాబు అదే. అవును, ఆ రోజు ఆగమయ్యారు. ఇద్దరం ఉన్నందుకు కాదు, నేను అరగంట ఎగ్గొట్టినందుకు. మళ్ళీ ఎన్నడూ ఎగ్గొట్టలేదు. ఏడాది చివరికి భీమే రెండు భాషల్లో వంద దాకా లెక్కపెట్టింది. వాళ్ళ భాషలో నేను తప్పు పలికితే దిద్దేది కూడా.

ఆ వేసవికి ముందు ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. హాజరు పట్టిక చూసి, "ఒక్క కుర్చీల ఇద్దరేంది? సగం సారు, సగం మేడమా?" అని నవ్వాడు. హెడ్‌మాస్టరు కూడా నవ్వాడు. నోట్‌బుక్ ముందుకు జరిపాను, అధికారి తెరిచి చూడలేదు. మరుసటి ఏడాది పోస్టుకు ఒక్క పేరే వచ్చింది. అది నాది. పిల్లల భాష తెలిసిన మనిషిని తీసేసి, తెలియని నన్ను ఉంచారు. నేను కాదనలేదు. ఎవరేమన్నారో అన్నీ గుర్తుంచుకునే నేను, ఆ రోజు నేను అననిదీ గుర్తుంచుకున్నాను. "నోట్‌బుక్ నీకాడనే పెట్టుకో సారూ" అని సమ్మక్క వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు.

ఐదో దరఖాస్తుకు ఆ నోట్‌బుక్‌లోని భీమే పేజీ నకలు జతచేస్తున్నాను. భోజనాల అరగంట ఇద్దరం కలిసి ఉంటామన్నది మా మొదటి షరతుగా రాశాను. దరఖాస్తు చదివే అధికారి గారూ, వద్దంటే వద్దనండి. ఎందుకు వద్దో రాసి, కింద సంతకం పెట్టండి. నెలాఖరు దాటితే జరీనా మేడం వెళ్ళిపోతుంది, అందుకని ఆ లోపే చెప్పండి. మీరు పలకకపోతే "జవాబు లేదు" అని రాసుకుని ఊరుకునే మనిషిని కాను. ఆరోది రాస్తాను, ఏడోది రాస్తాను. ఇక్కడ ఒకటో తరగతి అడుగుతోంది. వినబడుతోందా సారూ?