ఎడమ భుజం

పాడేరు బస్సులో నా సీటు పక్కనే నిలబడ్డ ఫైర్‌మన్ సంచిని కుడి భుజానికి తగిలించుకోగానే, అతని చొక్కా మీది చిన్న మిషను గుయ్‌మంది. వెంటనే సంచిని ఎడమకు మార్చాడు.

"అదేటి బాబూ?"

"ఏ భుజం మీద బరువు పడతందో రాసుకుంటాది తాతా. కావిడి మోసిన అలవాటు కదా, నీళ్ల గొట్టాలన్నీ కుడి భుజానికే ఎత్తుతన్నానని ఆ లెక్కల్లో తేలింది. మానకపోతే భుజం పోతాది, ఉద్యోగమూ పోతాదన్నాడు ఆఫీసరు."

"నేను ముంచింగిపుట్టు సంతకి కొండంత కావిడి మోసేవోడ్ని. భుజమే మార్చలేదు!"

"నిజమేటి?" అని అతను మురిసిపోయి, సంచిని కుడికి మార్చి, మిషను నోరు నొక్కేశాడు.

నాకు భయం వేసింది. "కొండంతేటీ కాదు, రెండు గంపల పసుపు. ఇదిగో, సూడు" అంటూ కుడి చెయ్యి ఎత్తాను. అది చెవి దాకా రాలేదు.

అతను సంచి ఎడమకు మార్చుకున్నాడు. దిగేటప్పుడు నా మూట కూడా అదే భుజానికి తగిలించుకున్నాడు.